గీతల్లేని బొటనేలు

పలాసలో పొద్దు
జీడిపిక్కలు కాల్చిన పొగలోంచే తెల్లారుతాది.
బట్టీకాడ మొగోళ్ళు, బల్లకాడ మావు.
సేతులకి బూడిద రాసుకుని కూకుంటాం.
ఎంత రాసినా జీడి నూని ఊరుకోదు,
ఏటా రెండుపాలి నా సేతులు కుబుసం ఇడుస్తాయి.

ఆ రోజు తూకం గుంటడు జొరమని రానేదు.
నన్ను కాటాకాడ నిలబెట్టినారు.
కలకత్తా పార్సిలు, పది కిలోల డబ్బాలు నలభై.
ముప్పై ఏడో డబ్బాకి కాటా సరిగ్గానే సూపింది,
కదిపితేనే సప్పుడు నేదు.
పప్పు గలగలాడాల.
ముప్పై ఏళ్ళు ఇన్న చెవికి కాటాతో పనేటి?

మూత తీసినాను.
పైన నాలుగు గుప్పిళ్ళు బద్దలు.
కింద దొడ్డుప్పు.
ఉప్పులో సాపలాగ సుట్టి
కొండసిలవ తోలు.

ఒలమ్మా, భయపడ్డానా అంటే నేదు.
ముందు ముట్టుకున్నాను.
తడిపి నీడనారేసిన తాటేకులాగుంది.
మందస కొండలెక్కి కిందకి సూస్తే
పోడుసేలు ఎలాగుంటాయో అలాగున మచ్చలు:
ఒక సెక్క నలుపు, ఒక సెక్క మట్టి రంగు,
మజ్జిన గట్టులాగ పసుపు.
తల నేదు.
పొట్టకాడ నిలువునా కోత,
దర్జీ కత్తెర నడిసినంత తిన్నగా.

పోలినాయుడు గుమస్తా పరిగెట్టుకొచ్చినాడు.
“మూసీయే తవిటమ్మా, అది మన సరుకు కాదు.
ఏ దేశంలోనో దొరసాని సేతిసంచీ అవుతాది.
నువ్వు పదేళ్ళు పొరలు తీసినా
ఆ సంచీ పట్టీకి రాదు నీ కూలి.”

నవ్వొచ్చింది నాకు.
సంచీ అంటే నాకు తెల్దేటి?
సిమెంటు గోను కుట్టుకుని రోజూ తెస్తాను,
సద్దన్నం గిన్ని, ఉల్లిపాయ, కారం పొట్లం.
ఇంకేటి మొయ్యాలి మనిషి,
ఒక పాణాన్ని ఒలిసి కుట్టుకునేంతది?

తోటకి కాపలా ఉండే సవర జమ్మయ్య సెప్పేవోడు,
అది మనకన్నా ముందొచ్చింది, తోవ ఇచ్చీయాలని.
ఆ జమ్మయ్య కొడుకే దీన్ని పట్టినాడని
తరవాత తెలిసింది.
ఎనిమిది వందలకి.
ఆడి పెళ్ళానికి టెక్కలి ఆస్పత్రిలో పురుడు.
ఆణ్ణి తిట్టడానికి నాకు నోరు రానేదు,
ఇప్పటికీ రాదు.

మజ్జాన్నం కూటికి ఎల్లినట్టే ఎల్లి
కాశీబుగ్గ ఫారెస్టాఫీసు మెట్లెక్కినాను.

సందేళకి జీపొచ్చింది.
బెహరా బాబు పంచనామా రాసినాడు.
“సాక్షీ, ఏలిముద్ర ఎయ్యి.”
ఏసినాను.
నీలం మరక, అంతే.
ఎడం సేతిది ఏసినాను.
గీత నేదు, సుడి నేదు.
రేషన్ డిపో మిషనుకి పాత సంగతే ఇది,
బాబుకి కొత్త.
“నీ గీతలేవమ్మా?”
“జీడికి ఇచ్చీసినాను బాబూ.”

బల్ల మీద తోలు పరిసి ఉంది, పదకొండడుగులు.
ఒక్క మచ్చా సెడలేదు.
ఒక పాము మచ్చలు ఇంకో పాముకుండవంట,
మన ఏలిముద్రల్లాగే, అన్నాడు బెహరా బాబు
టేపు సుట్టుకుంటూ.
నాను నా బొటనేలు కొంగులో దాసీసినాను.

నీలం మరక పక్కన ఇంటూ గుర్తు ఎట్టించినారు.
గుమస్తాని తీసికెల్లినారు.
ఆ సంచీ కుట్టించుకునే దొరసాని పేరు
ఏ కాయితంలోనూ రానేదు.

మర్నాటినుంచి నాకు పని నేదు.
పద్నాలుగు రోజులు గంజి.
పదిహేనో రోజు షావుకారే కబురెట్టినాడు.
సీజను కదా,
బద్ద ఇరగకుండా పొర తీసే సెయ్యి ఊరికే దొరకదు.

ఆ పొద్దున టీ తాగి గ్లాసు దించితే
మీద నా ఏలు మరక.
దీపం బుడ్డికి పట్టి సూసినాను.
సన్నంగా,
రెండో మూడో గీతలు.

గ్లాసు కడగలేదు.
గూట్లో ఎట్టి
బూడిద డబ్బా పట్టుకుని పనికి ఎల్లిపోనాను.